‘ముందస్తు యాజమాన్య’ విమానం ఎవరిది?

సందేహం: ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తూ ‘కొత్త, ముందస్తు యాజమాన్య బిజినెస్ జెట్ల మార్కెట్ ఒరవడులు’ అని శీర్షిక పెట్టాను. మా ఎడిటర్ ‘పాత జెట్లు’ అంటే చాలంటున్నారు. ఇంగ్లీషు మూలంలో ఉన్న ప్రీ-ఓన్డ్ (ఇంతకుముందు ఇంకొకరి సొంతమైన) అనే మాటకి ‘పాత’ సరిపోతుందా? ‘వాడిన’ అనొచ్చా?

సమాధానం: మీది తప్పు, ఎడిటర్‌గారిది సగం ఒప్పు.

‘ముందస్తు’ అంటే జరగాల్సిన సమయం కన్నా ముందే అని. ముందస్తు బెయిలు, ముందస్తు ఎన్నికలు. అందుకని ‘ముందస్తు యాజమాన్యం’ అనగానే విమానం ఇంకా తయారు కాకముందే డబ్బు కట్టి సొంతం చేసుకున్నట్టు వినిపిస్తుంది. తమాషా ఏమిటంటే ఈ మార్కెట్‌లో అలా కొనేవాళ్లు నిజంగానే ఉన్నారు, తయారీ కంపెనీల దగ్గర ఆర్డర్లు పేరుకుపోయి కొన్ని మోడళ్లకు రెండేళ్ల దాకా ఆగాల్సి వస్తోంది. అంటే మీ శీర్షిక చదివినవాడు సెకండ్ హ్యాండ్ జెట్‌ని పట్టుకుని ఇంకా ఫ్యాక్టరీ గడప దాటని జెట్ అనుకుంటాడు!

‘వాడిన’తో వేరే చిక్కుంది. ఉపయోగించడమూ ‘వాడటమే’, పువ్వు వడలిపోవడమూ ‘వాడటమే’. వాక్యం మధ్యలో సందర్భం కాపాడుతుంది గానీ, శీర్షికలో ‘వాడిన జెట్లు’ అని ఒంటరిగా కనబడితే నాకైతే ముందు పువ్వే గుర్తొస్తుంది. ‘వాడేసిన’ ఇంకా అన్యాయం, ‘వేయు’ చేరిందంటే పని అయిపోయింది, పారేయడమే తరువాయి. ‘వాడబడిన’ జోలికి అసలు వెళ్లకండి. ఇంగ్లీషులోనూ ‘యూజ్డ్’ అంటే సరుకు విలువ తగ్గినట్టుంటుందనే అమ్మేవాళ్లు ప్రీ-ఓన్డ్ అనే తొడుగు వేశారు. మనం దీపం ఆరిపోయింది అనకుండా కొండెక్కింది అంటాం కదా, ఆ బాపతే. కాకపోతే మన భయం అశుభం గురించి, వాళ్ల భయం ధర గురించి.

ఇక ‘పాత’. తెలుగులో దీనికి వయసుతో పనిలేని అర్థం కూడా ఉంది. ‘మా పాత మేనేజరు’ అంటే ముసలాయన అని కాదు, ఇంతకుముందున్నాయన అని. ఆ లెక్కన ఎడిటర్‌గారి మాట నిలబడుతుంది. కానీ వస్తువు పక్కన ‘పాత’ పెట్టగానే చదివేవాడికి తట్టేది వయసే, జెట్ల విషయంలో వయసు ఒక్కటే చూస్తే ఏమీ తేలదు. ఎన్ని గంటలు ఎగిరింది, ఎన్నిసార్లు దిగింది, ఇంజిన్లు విప్పి బాగుచేసే ఓవర్‌హాల్ ఎప్పుడైంది, ప్రయాణాలూ మరమ్మతులూ రాసుకునే లాగ్‌బుక్కులు మొదటి పేజీ నుంచీ ఉన్నాయా అన్నది చూస్తారు. పుస్తకం ఒకటి కనబడకపోయినా ధర పడిపోతుంది. పైగా కొవిడ్ తర్వాత, 2021–22లో, ఒకటి రెండేళ్ల జెట్లు కొన్న ధర కన్నా ఎక్కువకు అమ్ముడైన సందర్భాలున్నాయి. అప్పుడు అమ్మకానికి ఉన్నవి మొత్తం జెట్లలో 5 శాతం కన్నా తక్కువకు దిగాయి. 10 శాతం చుట్టుపక్కల ఉంటే మార్కెట్ సమంగా ఉన్నట్టు లెక్క, 2008 మాంద్యం తర్వాతైతే 15 శాతం దాటింది. సరుకు నిండుకున్న ఆ రోజుల్లో ‘పాత’ జెట్ల ధర పెరిగిందని రాస్తే పాఠకుడు అచ్చుతప్పు అనుకుంటాడు.

మీరు అడగలేదు గానీ, అసలు చిక్కు ‘కొత్త’ దగ్గరుంది. ‘కొత్త జెట్ కొన్నాడు’, ‘కొత్తగా జెట్ కొన్నాడు’ – ఒక్క ‘గా’ తేడా. మొదటిదాంట్లో కొత్తదనం జెట్‌ది, రెండోదాంట్లో కొనడానిది. లియర్‌జెట్ అనే పేరున్న బిజినెస్ జెట్ల తయారీ 2022లో ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు ఎవరైనా కొత్తగా లియర్‌జెట్ కొనగలరు గానీ కొత్త లియర్‌జెట్ కొనలేరు. అమెరికా పన్ను చట్టం సరిగ్గా ఈ ‘గా’ మీదే నడిచింది. వ్యాపారానికి కొన్న విమానం ధరలో పెద్ద భాగాన్ని కొన్న ఏడాదే అదనపు తరుగుదలగా, అంటే ఖర్చుగా, చూపి పన్ను తగ్గించుకునే సదుపాయం మునుపు కొత్త విమానాలకే ఉండేది. 2017 చట్టం, కొన్నవాడికి కొత్తదైతే చాలంది, ధర మొత్తాన్నీ మొదటి ఏడాదే ఖర్చు కింద రాసుకోనిచ్చింది. ఆ నూరు శాతాన్ని 2023 నుంచి ఏటా 20 శాతం చొప్పున తగ్గించుకుంటూ వచ్చి, 2025లో మళ్లీ నూరు శాతం చేశారు. ఏడాది చివర్లో జెట్ల అమ్మకాలు ఊపందుకోవడానికి ఇదొక కారణం. మీ వ్యాసంలో ఈ సంగతి వస్తే ‘కొత్త’ని చూసి రాయండి.

శీర్షికలో ‘సెకండ్ హ్యాండ్’ పెట్టండి. నాలుగో యజమాని దగ్గరున్నా తెలుగువాళ్లు ‘ఫోర్త్ హ్యాండ్’ అనరు, అందులో లెక్క ఎప్పుడో పోయింది. లోపల విసుగు రాకుండా అక్కడక్కడా ‘చేతులు మారిన జెట్లు’ అనండి, అచ్చమైన పలుకుబడి. డబ్బు చేతులు మారిన వాసన కాస్త ఉంది గానీ, పర్వాలేదు.

‘ఒరవడి’ బదులు ‘పోకడ’ మంచిది. ఒరవడి అంటే పిల్లలు దిద్దుకోవడానికి రాసిచ్చే మేలుబంతి, చూసి అనుసరించాల్సింది. మార్కెట్ ఎటు పోతోందో చెప్పడానికి ‘పోవు’లోంచి పుట్టిన పోకడే సరి. బిజినెస్ జెట్‌ని మాత్రం అలాగే ఉంచండి, ‘వాణిజ్య విమానం’ చేస్తే టికెట్ కొని ఎక్కే విమానం అయిపోతుంది.

‘కొత్త, సెకండ్ హ్యాండ్ బిజినెస్ జెట్ల మార్కెట్ పోకడలు.’ ఎడిటర్‌గారు ఒప్పుకోకపోతే ‘పాత’కే సర్దుకోండి, ‘ముందస్తు’ మాత్రం వద్దు.