నాన్నగారి గురించి నాలుగు పేజీలు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట. మా నాన్నగారు 1981లో రెవెన్యూ శాఖలో జూనియర్ అసిస్టెంటుగా చేరి, 2018 డిసెంబరులో డిప్యూటీ తహసీల్దారుగా పదవీ విరమణ చేశారు. పది నెలల క్రితం కాలం చేశారు. సంవత్సరీకానికి తమ్ముడు స్మారక సంచిక వేయిస్తూ, మొదటి వ్యాసం నన్ను రాయమన్నాడు. కలం పట్టుకుంటే కోపం వస్తోంది. తిత్లీ తుపానుకు ముందురోజు నాకు పుట్టింట్లో బిడ్డ పుట్టింది. పురుడు నాటికి కూడా నాన్నగారు తుపాను పని మీద పలాస వైపు ఉద్దానం వదిలి రాలేదు. పన్నెండో రోజు రాత్రి వచ్చారు. చదువుకునే రోజుల్లో ఆదాయ ధ్రువపత్రం కోసం నన్ను అందరితోపాటు వరుసలో నిలబెట్టిన మనిషి ఆయన. కానీ పదో తరగతి ఏడాదంతా తెల్లవారుజామున నాలుగింటికి లేచి లెక్కలు చెప్పిందీ ఆయనే. ఆయన డైరీలన్నీ వెతికాను, మా గురించి ఒక్క ముక్క లేదు. ఇప్పుడు రోజూ మూడింటికే మెలకువ వస్తోంది. ఊరంతా పొగిడే మనిషి మీద కన్నకూతురికి కోపం ఉండటం తప్పా?

జవాబు: తప్పు కాదమ్మా. పోయినవాళ్ళ మీద కోపం దుఃఖంలో ఒక భాగమే. పరామర్శకు వచ్చిన ప్రతివారూ ఆయన చేసిన మేలు చెప్పుకొని కంటతడి పెడుతుంటే, మీరు ఏడవడానికి చోటు మిగలలేదు. ఊరికి ఆయన సేవ అందిన రోజులే మీకు ఆయన అందని రోజులు కావడంతో, ఆ పొగడ్తలు వింటున్నప్పుడల్లా మీకు దక్కనిదేమిటో ఎవరో లెక్క చదివి వినిపిస్తున్నట్లు అనిపించి ఉంటుంది.

ముందుగా డైరీల సంగతి. రెవెన్యూ ఉద్యోగి పర్యటన డైరీ పైఅధికారి చూసేందుకు రాసేది. ఏ ఊరు వెళ్ళారు, ఏ విచారణ చేశారు, ఎప్పుడు తిరిగి వచ్చారు అన్నవే అందులో ఉంటాయి. అందులో కూతురి పేరు లేకపోవడాన్ని ప్రేమ లేకపోవడంగా చదవకండి. ఆ తరం గుమాస్తాలు, 1984లో కరణం, మునసబు పదవులు రద్దయి, మరుసటి ఏడు తాలూకాలు పోయి మండలాలు వచ్చి, ఊళ్ళ లెక్కలన్నీ కచేరీ బీరువాల్లోకి చేరుతున్న కాలంలో పని నేర్చుకున్నవారు. కాగితం మీద సొంత మాట రాయకపోవడం వారికి అలవాటుగా స్థిరపడింది. మీరు వెతుకుతున్నది మీ ఉత్తరంలోనే ఉంది. పగలంతా కచేరీలో పనిచేసిన మనిషి నాలుగింటికి లేచి మీ పక్కన కూర్చున్నాడంటే, తన నిద్రలోంచి కోసి మీకు ఇచ్చాడన్నమాట. వరుసలో నిలబెట్టిన సంగతి చదివి నాకు నవ్వు వచ్చింది, క్షమించండి. సంచికలో అది తప్పకుండా ఉండాలి. ఆయన నిజాయితీ గురించి పదిమంది పెద్దలు చెప్పలేనిది ఆ ఒక్క వరుస చెబుతుంది.

ఇక తిత్లీ. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, గంటకు 140 కిలోమీటర్లకు పైబడిన గాలితో అది పలాస ప్రాంతంలో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగాయి. కరెంటు స్తంభాలు కూలి, ఫోన్లు మూగబోయాయి. కొబ్బరి చెట్టు మళ్ళీ కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది కనుక, పడిన చెట్టు పరిహారం జాబితాలోకి ఎక్కడమే ఆ రైతుకు ఆసరా. తోటతోటకూ తిరిగి ఆ లెక్క రాసినవారిలో మీ నాన్నగారూ ఒకరై ఉంటారు. పదవీ విరమణకు రెండున్నర నెలలున్న మనిషి ఆ పని పక్కవాళ్ళకు వదిలి రావచ్చు, రాలేదు.

ఇది చెప్పి ఆయనను నిర్దోషిగా తేల్చడం నా ఉద్దేశం కాదు. మొదటి నాలుగైదు రోజులు సరే. ఆ తర్వాత ఒక్క పూట వచ్చి బిడ్డను చూసి వెళ్ళి ఉండవలసింది. జాతీయ రహదారి మీద పలాస నుంచి నరసన్నపేట ఏమంత దూరం? ఆ లోటు లోటే. ఆయన మంచి ఉద్యోగి, మంచి తండ్రి, ఆ పన్నెండు రోజుల విషయంలో మీకు అన్యాయం చేసిన మనిషి. ఈ మూడూ ఒకే వ్యాసంలో ఇమడతాయి.

కాబట్టి నాలుగు పేజీలు రాయండి. 'నిస్వార్థ సేవాతత్పరులు', 'అజాతశత్రువు' వంటి మాటలు తమ్ముడి ఫ్లెక్సీకి వదిలేయండి. లెక్కల పుస్తకం, వరుస, ఆ పన్నెండో రాత్రి ఆయన గుమ్మంలో ఎలా నిలబడ్డారో మీకు గుర్తున్నంత మేరకు, అంతే. ఆయనతో పనిచేసినవారిని కూడా తలా ఒక్క సంఘటనే రాయమనండి. తమ్ముడితో తగువు వద్దు. అతనికి సభ కావాలి, మీకు కాగితం కావాలి, రెండూ జరగనివ్వండి. ఈ హడావిడిలో మీ అమ్మగారి కుటుంబ పింఛను కాగితాలు, ఏటా ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రం ఎవరు చూస్తున్నారో కనుక్కోండి. ఎందరి కాగితాలో చూసిపెట్టిన మనిషి ఇంట్లో అది ఆగకూడదు.

మూడు గంటల మెలకువను తేలిగ్గా తీసుకోవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మరో రెండు వారాల్లో నిద్ర కుదుటపడకపోతే మానసిక వైద్యులను స్వయంగా కలవండి.

వ్యాసం అచ్చుకు ఇచ్చే ముందు అమ్మగారికి చదివి వినిపించండి. ఆ పన్నెండు రోజులూ ఒక చేత్తో బాలింతకు పథ్యం చేసిపెడుతూ, రాత్రుళ్ళు చోడి (రాగి) అంబలి మూతపెట్టి వీధి తలుపు వైపు చూస్తూ ఆవిడా కూర్చునే ఉంటారు. ఆవిడకు కోపం వచ్చిందో లేదో ఇన్నేళ్ళలో మీరు అడిగినట్లు ఉత్తరంలో లేదు.