ఏజెన్సీ తీసుకోబోతున్న మా చెల్లెలి కూతురికి

ఒంగోలు

చిరంజీవి సౌభాగ్యవతికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నువ్వు బీమా ఏజెన్సీ తీసుకోబోతున్నావనీ, శిక్షణకు పేరు కూడా ఇచ్చేశావనీ మీ అమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి నాకు ఒక పక్క గర్వంగానూ, ఒక పక్క గుబులుగానూ ఉంది. మన ఇంట్లో ఆడపిల్లలు సొంత సంపాదన అనుకుంటే టీచరు ఉద్యోగమో బ్యాంకు ఉద్యోగమో చూసుకున్నారు గానీ, ఊరూరూ తిరిగి నలుగురినీ ఒప్పించే పనికి పూనుకున్నదానివి నువ్వొక్కతెవే. గుబులు ఎందుకంటే, నేను ఉద్యోగం చేసినంత కాలమూ బీమా ఆఫీసు క్యాష్ కౌంటరులో కూర్చున్నదాన్ని. ఏజెంట్లు పైకి రావడమూ చూశాను, డబ్బు విషయంలో మాటపడి ఏజెన్సీ పోగొట్టుకోవడమూ ఆ కిటికీలోంచే చూశాను.

పరీక్ష గురించి నేను చెప్పవలసింది ఏమీ లేదు, వాళ్లిచ్చిన పుస్తకం రెండుసార్లు చదివితే చాలు. జీవిత బీమాలో ఒక్క సంస్థకే పనిచేయాలి గనుక రెండో సంస్థ వాళ్లు ఎంత ఊరించినా అటు చూడకు. మొదటి కిస్తులో నా కమీషన్ వదులుకుంటానని ఆశపెట్టి ఎవరి చేతా పాలసీ కట్టించకు. బీమా చట్టం 41వ సెక్షను కింద అది తప్పు, 2015 సవరణ తర్వాత దాని జరిమానా పది లక్షల రూపాయల దాకా పోతుంది. షుగరు ఉన్నవాళ్ల చేత లేదని రాయించకు. ఇవన్నీ శిక్షణలో చెబుతారు. నేను రాయాలని కూర్చున్నది, జనం నీ చేతిలో పెట్టే ప్రీమియం డబ్బు గురించి.

ఆ డబ్బు విషయంలో చట్టం ఏమంటుందో ముందు తెలుసుకో. ఏజెంటు వసూలు చేసిన ప్రీమియాన్ని తన కమీషన్ మినహాయించుకోకుండా పూర్తిగా, బ్యాంకు సెలవులూ పోస్టాఫీసు సెలవులూ పోను ఇరవై నాలుగు గంటల్లోగా సంస్థకు జమచేయాలనో, పోస్టులో పంపాలనో అదే బీమా చట్టంలోని 64విబి సెక్షను చెబుతుంది. "వచ్చే వారం అన్నీ కలిపి కడతాలే" అనుకునే వీలు అందులో లేదు. పైగా, వసూలు చేసే అనుమతి సంస్థ నీకు విడిగా ఇస్తేనే ఈ మాటకు అర్థం. అనుమతి లేకుండా పుచ్చుకున్న డబ్బు సంస్థకు ముట్టినట్టే కాదు. 1997లో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. ఒకాయనకు పాతికవేల చొప్పున నాలుగు పాలసీలు ఉండేవి; 1987 మార్చిలో కట్టవలసిన అర్ధ సంవత్సరపు ప్రీమియానికి జూన్‌లో ఏజెంటుకు చెక్కు ఇచ్చాడు; ఏజెంటు ఆ చెక్కు మార్చుకుని డబ్బు తన దగ్గరే ఉంచుకున్నాడు; ఆగస్టులో పాలసీదారు ప్రమాదంలో చనిపోతే ఆ మర్నాడు తీసుకెళ్లి కౌంటరులో కట్టాడు. ప్రీమియం తీసుకునే అధికారం ఏజెంటుకు లేదు కనుక పాలసీలు అప్పటికే ల్యాప్స్ అయినట్టేనని, అంటే కిస్తు కట్టక చెల్లకుండా పోయినట్టేనని కోర్టు చెప్పింది. ఆ కుటుంబం సంగతి ఒక్కసారి ఆలోచించు.

అంత దూరం పోనక్కర్లేదు, మా బ్రాంచిలోనే ఒకాయన ఉండేవాడు. పేరు రాయను, ఆయన పిల్లలు ఈ జిల్లాలోనే ఉన్నారు. ఉలవపాడుకూ కొత్తపట్నానికీ మధ్య సముద్రపు ఒడ్డు ఊళ్లన్నీ ఆయనవే. ఆ రోజుల్లో అక్కడివాళ్లు కిస్తు కట్టడానికి బ్రాంచికి రావాలంటే ఒక పూట కూలి పోగొట్టుకుని బస్సెక్కాలి, కాబట్టి ఈయనే సైకిలు మోటారు వేసుకుని గడపగడపకూ వెళ్లి తెచ్చేవాడు. సాయంత్రం కౌంటరు మూసే వేళకు కాన్వాసు సంచీతో వచ్చి, "అక్కయ్యగారూ, ఇంకొక్కటి" అంటూ కట్టలు పెట్టేవాడు. నోట్లు తడిగా, చేపల వాసనతో ఉండేవి. ప్రతి కట్టకూ రబ్బరు బ్యాండు కింద పాలసీ నంబరూ పేరూ రాసిన చీటీ ఉండేది, చీటీలో ఉన్న అంకెకూ కట్టలో ఉన్న డబ్బుకూ ఏనాడూ పైసా తేడా రాలేదు. దొంగ అనిపించుకోవలసిన మనిషి కాడు, అది నేను ఎక్కడైనా చెబుతాను.

చెడింది మంచి చేయబోయిన చోట. వేసవిలో వేట నిషేధం పెట్టినప్పుడు ఆ ఇళ్లలో రూపాయి ఉండదు. నెలవారీ కిస్తుకు పదిహేను రోజులు, మిగతా వాటికి నెల రోజులు గడువు ఉన్నా, పడవలు కదిలేసరికి ఆ గడువు దాటిపోతుంది. పాలసీ పోతుందన్న జాలితో ఆయన తన జేబులోంచి కట్టేసేవాడు. వాళ్లు వేట మొదలయ్యాక తీర్చేవాళ్లు, కొందరు తీర్చలేదు కూడా. ఊళ్లో దేవుడన్నారు. రెండేళ్లు గడిచేసరికి ఆ సంచీలో తనదెంతో జనానిదెంతో ఆయనకే తెలియకుండా పోయింది. ఆ మీదట ఇంటికి స్లాబు పడింది. ఆ సిమెంటు ఎవరి కిస్తు డబ్బుతో వచ్చిందో నేను చెప్పలేను, ఆయనా చెప్పలేకపోయాడు.

నాకు తెలిసింది ఎలాగంటే, కట్టలకు చీటీలు రావడం మానేశాయి. మొత్తం డబ్బు ఒక్క ముద్దగా కిటికీలోంచి తోసి, బకాయిల జాబితా ముందు పెట్టుకుని, బొటనవేలు తడిచేసుకుంటూ "దీనికి వేయండి, దీనికి వేయండి" అని పెన్సిలుతో టిక్కులు పెట్టేవాడు. గడువు రేపో ఎల్లుండో దాటిపోయే పాలసీలకే ముందుగా పడుతున్నాయని కౌంటరులో కూర్చున్నదానికి అర్థం కాకపోదు. ఏమండీ, చీటీలు మానేశారేమని అడిగితే, అంతా నోటికి లెక్కేనని నవ్వాడు. ఆఫీసులో పైవాళ్లకూ తెలుసు. కానీ బ్రాంచికి పెద్ద వ్యాపారం తెచ్చే మనిషి కాబట్టి మార్చి నెలాఖరు దాకా ఎవరూ నోరెత్తలేదు.

తరువాత ఒక పొగాకు రైతు భార్య వచ్చింది. పొగాకు ఆకు కాల్చే బ్యారన్ దగ్గర పనిచేస్తూనే భర్త గుండెపోటుతో పోయాడట. ప్లాస్టిక్ కవరులో చుట్టి దారంతో కట్టిన పాలసీ బాండు విప్పి, దానితోపాటు క్యాలెండరు కాగితాలు చింపి రాసిన చీటీలు ఒక్కొక్కటే నా ముందు పరిచింది. ప్రతిదాని మీదా "కిస్తు ముట్టినది" అని రాసి, కింద ఆయన పొడి సంతకం. కంప్యూటరులో చూస్తే చివరి రెండు అర్ధ సంవత్సరాల కిస్తులు పడనే లేదు. అప్పటికి మూడేళ్ల ప్రీమియమైనా పూర్తికాలేదు కనుక పెయిడప్ విలువ, అంటే కట్టినంత మేరకు దక్కే సొమ్ము కూడా లేదు. "అమ్మా, మీ బిల్లులు ఇవి కావా?" అని ఆమె అడిగిన గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. మా రసీదు మీద ముద్ర ఉంటుందమ్మా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు, చెప్పక తప్పనూ లేదు.

ఆమె ఫిర్యాదు వెనకే మరికొందరు చీటీలు పట్టుకుని వచ్చారు. షోకాజ్ నోటీసు ఇచ్చారు, విచారణ జరిగింది, ఏజెన్సీ రద్దయింది, ఏళ్ల తరబడి రావలసిన రెన్యువల్ కమీషనూ ఆగిపోయింది. అమ్మాయీ, నువ్వు ఇక్కడ జాగ్రత్తగా చదువు. వచ్చిన ఫిర్యాదులన్నీ నిజం కావు. కిస్తు కట్టడం ఎప్పుడో మానేసినవాళ్లు కూడా ఇదే అదనని ఏజెంటుకు ఇచ్చామన్నారు. ఆయన సొంత డబ్బు పోసి ఎవరి పాలసీలు నిలబెట్టాడో వాళ్లలోనే ఒకరిద్దరు నోరు మార్చారు. అవి అబద్ధమని చూపించడానికి ఆయన దగ్గర ఒక్క కాగితం లేదు, నోటికి లెక్క తప్ప. అడిగినవాళ్లందరికీ స్థలం అమ్మి ఇచ్చేశాడు, అయినా రద్దు ఆగలేదు. డబ్బు తిరిగి ఇచ్చిన మనిషికి అంత శిక్షా అని మా ఆఫీసులో కొందరన్నారు. నేను అనలేదు. తిరిగి ఇచ్చినంత మాత్రాన ఆ రైతు పాలసీ మళ్లీ బతకదు.

ఇప్పుడు కాలం మారింది. నేను ఉద్యోగంలో ఉండగా ఏజెంటు లైసెన్సు బీమా రంగపు నియంత్రణ సంస్థ పేరిట ఉండేది. 2015 సవరణ తర్వాత బీమా సంస్థే ఏజెంటును నియమిస్తుంది, తప్పు చేస్తే అదే తీసేస్తుంది. జనం మాత్రం ఇప్పటికీ లైసెన్సు రద్దయిందనే అంటారు. ఒకచోట తీసేస్తే ఇంకోచోట చేరవచ్చని ఎవరైనా ధైర్యం చెబితే నమ్మకు. నిషేధంలో పెట్టిన ఏజెంట్ల జాబితా అన్ని సంస్థలకూ కనిపించేలా ఒకేచోట ఉంటుంది.

కాబట్టి నగదు ముట్టుకోకు. మీ కావలి చుట్టుపక్కల బోగోలు, అల్లూరు, జువ్వలదిన్నె వైపు వెళ్లినా, కలిగిరి వేలం కేంద్రం దగ్గర పొగాకు డబ్బు ఖాతాలో పడ్డ రైతును కలిసినా, వాళ్ల ఫోనులోంచే నేరుగా సంస్థకు కట్టించు, నువ్వు పక్కన కూర్చుని నేర్పించు. నీ సొంత క్యూఆర్ కోడ్ ఎవరికీ చూపించకు. ప్రపోజల్ ఫారంలో కస్టమరు ఫోను నంబరు రాయవలసిన చోట నీ నంబరు రాయకు. చాలామంది ఏజెంట్లు సౌకర్యమని రాస్తారు, ఆ తర్వాత కిస్తు పడిందో లేదో ఆ ఇంటికి మెసేజే వెళ్లదు. ఫోను చేతకాని ముసలివాళ్లు ఉంటారు, నాకు తెలుసు, నీ మనసు ఆగదనీ తెలుసు. వాళ్ల కోసం సంస్థ దగ్గర వసూలు అనుమతి రాతపూర్వకంగా తీసుకో, డబ్బు పుచ్చుకున్న చోటే సంస్థ రసీదు చేతిలో పెట్టు, దాని నకలు నీ దగ్గర ఉంచుకో. బాండ్లు మీ ఇంట్లో దాచమంటే దాచకు. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టించుకోకు. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉంటుంది. ఆ ఇళ్లవాళ్లకు పాలసీ రాసేటప్పుడే కిస్తు తేదీ ఆ నెలల్లో పడకుండా చూడు, అప్పుడు నీ జేబు తడుముకునే అవసరం రాదు. ఒకవేళ పాలసీ ల్యాప్స్ అయినా, షేర్ మార్కెట్‌తో ముడిపడని పాలసీలకు ఐదేళ్లలోపు రివైవల్ ఉంది, అంటే బకాయి కట్టి మళ్లీ నిలబెట్టుకోవచ్చు, ఆ సంగతి చెప్పు. చెప్పడంతో నీ జాలి తీరిపోవాలి, పర్సు దాకా రాకూడదు.

చిన్నప్పుడు సెలవులకు మా ఇంటికి వచ్చి, నేను ఇచ్చిన చిల్లరకు కూడా నోటుపుస్తకం వెనక లెక్క రాసేదానివి. పుల్ల ఐసు, రూపాయి. తమ్ముడికి అప్పు, యాభై పైసలు. ఆ అలవాటు ఉంటే చాలు. ఎవరిని కలిశావో, ఏం చెప్పావో, ఏ రసీదు ఎవరికిచ్చావో తేదీతో ఆ రోజే రాయి. ఎప్పుడైనా నీ మీద అబద్ధపు ఫిర్యాదు వచ్చి నోటీసు అందితే, ఏడుస్తూ కూర్చోకుండా, ఆఫీసులో పెద్దవాళ్ల కాళ్లావేళ్లా పడకుండా, గడువులోగా ఆ పుస్తకం నకళ్లు జతచేసి రాతపూర్వకంగా జవాబివ్వు. విచారణలో నీ మాట వినవలసిన బాధ్యత వాళ్లకుంది, రద్దు చేస్తే అప్పీలుకు వెళ్లే హక్కు నీకుంది. కాగితం ఉంటేనే ఆ రెండూ పనికొస్తాయి.

ఇక నేను అసలు భయపడుతున్న సంగతి. అల్లుడుగారు బంగారంలాంటి మనిషి, కాదనను. కానీ రొయ్యల చెరువులు చేసేవాళ్లకు ధర పడిపోయిన వారంలో మేత కొట్టువాడు గుమ్మంలో కూర్చుంటాడు, అప్పుడు ఇంట్లో కనిపించిన డబ్బు ఎవరిదని ఎవరూ అడగరు. రెండు రోజుల్లో రొయ్యలు పట్టిన డబ్బు రాగానే తిరిగి పెట్టేద్దామనుకుంటారు. నీ దగ్గర కిస్తు డబ్బు ఒక్క రాత్రి ఉన్నా అది ఆ ఇంట్లో ఉండకూడదు. ఈ మాట చెప్పినందుకు ఆయనకు కోపం వస్తే నా మీద రానివ్వు. ఈ ఉత్తరం ఆయనకు మొదటి నుంచి చివరి దాకా నువ్వే చదివి వినిపించు. చెరువుల పేరా దాటవేయకు.

ఇట్లు
మీ పెద్దమ్మ