పేరు వినని కంపెనీ ట్రాలీ స్పీకర్‌ను నమ్మొచ్చా?

నమస్తే అన్నా. మీరు అడిగింది ఇదీ: నాగర్‌కర్నూల్ దగ్గర మీ ఊరి కోలాటం బృందానికి ఏడు వేల లోపు ట్రాలీ స్పీకర్ (చక్రాలుండి, బ్యాటరీతో కూడా మోగే పెట్టె) కావాలి. ఆన్‌లైన్‌లో ఒకటి నచ్చింది. 12 అంగుళాల స్పీకర్, 1000 వాట్లు, రెండు వైర్‌లెస్ మైకులు, 8 గంటల బ్యాకప్ అని రాసుంది. రేటింగ్ 4.2. కంపెనీ పేరు మాత్రం ఎప్పుడూ వినలేదు, నమ్మొచ్చా అని.

నేను నల్గొండలో ఆంప్లిఫయర్లు, స్పీకర్లు బాగుచేసే పనిలో ఉన్నాను. వినాయక చవితి ముందు నుంచి సద్దుల బతుకమ్మ దాకా నా బల్ల మీద చెయ్యి పెట్టేంత జాగా ఉండదు. వచ్చేవాటిలో సగానికి పైగా ఇలాంటి ట్రాలీ పెట్టెలే. పేరు వినలేదన్న ఒక్క కారణంతో ఏ కంపెనీనీ తీసిపారేయను. పేరులేని పెట్టె ఏళ్ల తరబడి మోగడం చూశాను, టీవీలో ప్రకటనలొచ్చే పెట్టె మొదటి పండక్కే మూగబోవడం కూడా చూశాను. తక్కువ ధర కంపెనీని నేను కొలిచేది ఒక్కదానితోనే: వస్తువు పాడైతే మన ఊళ్లో మెకానిక్ బాగుచేసే వీలుండేలా దాన్ని తయారు చేశారా, లేదా? ఆరేడు వేల రూపాయల పెట్టె ఎప్పుడో ఒకసారి పాడవుతుంది, అందులో తప్పులేదు. పాడయ్యాక ఏమవుతుందన్న దగ్గరే కంపెనీల మధ్య తేడా తెలుస్తుంది.

ముందు ఆ 1000 వాట్ల సంగతి చూద్దాం. ఇలాంటి పెట్టెల్లో ఎక్కువగా 12 వోల్టుల సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది, 4.5 ఏహెచ్ లేదా 7 ఏహెచ్. ఏహెచ్ అంటే ఆంపియర్ అవర్, బ్యాటరీలో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే కొలత. పెద్దదే ఉందనుకుందాం. 12ను 7తో గుణిస్తే 84 వాట్ అవర్లు, అంటే 84 వాట్లు ఒక గంట లాగేంత. నిజంగా 1000 వాట్లు లాగితే ఆ బ్యాటరీ ఐదు నిమిషాల్లో ఖాళీ. పైగా 12 వోల్టుల మీద 1000 వాట్లు రావాలంటే 80 ఆంపియర్లకు పైగా కరెంటు పారాలి, లోపలున్న సన్న వైర్లు దానికి తట్టుకోవు. అదే డబ్బా మీద 8 గంటల బ్యాకప్ అని కూడా రాశారు కదా. 84ను 8తో భాగిస్తే వచ్చేది పదిన్నర వాట్లు. అంటే ఒకే డబ్బా మీది రెండు మాటల్లో ఒకటి నిజమైతే రెండోది నిజం కాదు. ఈ లెక్క మీరే చేసుకోవచ్చు, ఏ పెట్టెకైనా పనిచేస్తుంది.

ఇంకొకటి కూడా తెలిసి ఉండాలి. వోల్టేజీ పెంచే బూస్ట్ సర్క్యూట్ లేకపోతే, 12 వోల్టులతో 4 ఓమ్‌ల స్పీకర్‌ను బ్రిడ్జ్ పద్ధతిలో (స్పీకర్ రెండు కొసలనూ రెండు ఆంప్లిఫయర్లు ఎదురెదురుగా నడపడం) నడిపినా శబ్దం చెదరకుండా వచ్చేది 18 వాట్లు. చిప్ ఎవరు తయారు చేసినా ఇది మారదు. మరి వెయ్యి ఎక్కణ్నుంచి వచ్చిందంటే, పీఎంపీఓ (క్షణకాలం వచ్చే గరిష్ఠ శక్తి అని చెప్పుకునేది) అనే లెక్క నుంచి. దానికి కట్టుబడాల్సిన ప్రమాణం అంటూ ఏదీ లేదు, ఎవరికి తోచిన అంకె వాళ్లు వేసుకుంటారు. మీరు అడగాల్సింది ఆర్‌ఎంఎస్ వాట్లు, అంటే ఆగకుండా ఇవ్వగలిగే శక్తి. ఆర్‌ఎంఎస్ 30 అనో 40 అనో తన మాన్యువల్‌లో ధైర్యంగా రాసుకున్న కంపెనీకి నా దగ్గర మార్కులు ఎక్కువ. చిన్న అంకె రాస్తే అమ్మకం తగ్గుతుందని తెలిసీ రాశారంటే మిగతా విషయాల్లో కూడా కొంత నిజాయతీ ఉంటుందని నా అనుభవం.

18 వాట్లు, 30 వాట్లు అంటే మరీ తక్కువేమో అని టెన్షన్ పడకండి. స్పీకర్ సెన్సిటివిటీ (ఇచ్చిన వాట్లకు ఎంత శబ్దం చేస్తుందన్న కొలత) 3 డెసిబెల్స్ ఎక్కువైతే సగం వాట్లతోనే అంత శబ్దం వస్తుంది. మంచి కోన్, మంచి అయస్కాంతం ఉన్న 20 వాట్ల పెట్టె, నాసిరకం 40 వాట్ల పెట్టెను సులువుగా అందుకుంటుంది. ఆరుబయట మాత్రం దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ పడిపోతుంది. అందుకే పెట్టెను నేల మీద పెట్టకుండా బల్ల మీదో, అరుగు మీదో పెట్టి ఆడేవాళ్ల వైపు తిప్పమని అందరికీ చెప్తుంటాను. వాట్ల కోసం ఇంకో రెండు వేలు పోసేకన్నా ఇది నయం.

ఇక లోపలి సంగతి. నిరుడు దేవరకొండ వైపు నుంచి ఒక భజన మండలి వాళ్లు ఒక పెట్టె తెచ్చారు. ఛార్జింగ్ ఎక్కడం లేదు. వెనక ప్యానెల్ విప్పితే ఛార్జర్ పిన్ను పెట్టే సాకెట్ నేరుగా మెయిన్ బోర్డుకే సోల్డర్ చేసి ఉంది. పిన్ను పెట్టి తీసినప్పుడల్లా ఆ లాగుడంతా బోర్డు మీదే పడి రాగి ట్రాక్ పైకి లేచిపోయింది. అంతవరకైతే వైరు వేసి కలపొచ్చు. కానీ ఛార్జింగ్ చిప్ కూడా పోయింది, దాని మీద ఉండాల్సిన నంబర్‌ను గీకేశారు. ఏ చిప్ తెచ్చి వేయాలో తెలియదు. ముందు వైపు జాలీ వెనక రెండు చిన్న ట్వీటర్లు (సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకర్లు) మెరుస్తున్నాయి, వాటిలో ఒకదానికి అసలు వైరే లేదు. బ్యాటరీ మీద 7 ఏహెచ్ అని స్టిక్కర్ ఉంది. అసలైన 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ రెండు కిలోలకు పైగా తూగుతుంది, ఇది చేతిలోకి తీసుకోగానే తేడా తెలిసిపోయింది. డబ్బా మీద ఉన్న కస్టమర్ కేర్ నంబర్‌కు వాళ్ల ముందే ఫోన్ చేశాను, స్విచాఫ్. "ఊరోళ్లందరి దగ్గర చందా వసూలు చేసి కొన్నమన్నా, ఇప్పుడేం చెప్పాలె వాళ్లకు" అన్నాడు వచ్చినాయన. కొత్త ఆంప్లిఫయర్ బోర్డు, బ్యాటరీ వేసి పంపించాను గానీ, వాళ్లు ఆ పెట్టెకు పెట్టిన డబ్బులో సగం దాకా మళ్లీ ఖర్చయింది. నాకు కోపం వచ్చేది ఇలాంటప్పుడే. చందాల డబ్బుతో కొనే వస్తువులో వైరు లేని ట్వీటర్ పెట్టడం మోసం, ఇంకో మాట లేదు.

దాదాపు అదే ధరలో ఇంకో పెట్టె కూడా వస్తుంటుంది, అదీ పెద్ద పేరున్న కంపెనీది కాదు. దాంట్లో ఛార్జింగ్ సాకెట్ విడిగా చిన్న బోర్డు మీద స్క్రూలతో బిగించి ఉంటుంది. వైర్లకు కనెక్టర్లు ఉంటాయి, పీకి మళ్లీ పెట్టొచ్చు. చిప్‌ల మీద నంబర్లు కనిపిస్తాయి. బ్యాటరీ మామూలు యూపీఎస్‌లో వేసే సైజే, కాబట్టి నల్గొండలోనే కాదు, అచ్చంపేటలో ఇన్వర్టర్ల షాపులో కూడా దొరుకుతుంది. చిన్న ఫ్యూజ్ కూడా పెట్టారు. ఇలా తయారు చేసినందుకు ఆ కంపెనీకి పడే అదనపు ఖర్చు పెద్దగా ఏమీ ఉండదు. కొన్నాయన రేపు ఇబ్బంది పడొద్దన్న ఆలోచన ఉంటే చాలు. అలాంటి కంపెనీ పేరు నేను వినకపోయినా సరే, కొనమనే చెప్తాను.

మీరు కొనే ముందు వెనక మూత విప్పలేరు, నిజమే. కానీ యూట్యూబ్‌లో ఆ మోడల్ పేరు కొట్టి దాన్ని విప్పిన వీడియో ఉందేమో చూడండి. ఇలాంటి పెట్టెలు విప్పి చూపించేవాళ్లు హిందీలో చాలామంది ఉన్నారు, భాష రాకపోయినా బొమ్మ చూస్తే అర్థమవుతుంది. రివ్యూల్లో కొన్న రెండో రోజు రాసిన ఐదు చుక్కలవి వదిలేయండి. "సౌండ్ సూపర్, డెలివరీ ఫాస్ట్" అన్నది మీకు పనికొచ్చే సమాచారం కాదు. ఆరు నెలలు వాడాక రాసినవీ, మూడు చుక్కలిచ్చినవీ వెతకండి. వాటిలో బ్యాటరీ, ఛార్జింగ్ పిన్ను, సర్వీస్ అన్న మాటలు ఎన్నిసార్లు వస్తున్నాయో గమనించండి. 4.2 అన్న అంకె కన్నా అవే ఎక్కువ చెప్తాయి.

లేబుల్ కూడా చదవాలి. డబ్బా మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, పూర్తి చిరునామా, తయారైన నెల, సంవత్సరం, ఎంఆర్‌పీ, ఫిర్యాదుల కోసం ఫోన్ నంబర్ ఉండాలని చట్టమే చెప్తుంది. బ్లూటూత్ స్పీకర్లకు బీఐఎస్ (వస్తువుల ప్రమాణాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వస్తువు మీద ఆ గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే ఎనిమిది అంకెల నంబర్ ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొడితే ఏ ఫ్యాక్టరీకి, ఏ బ్రాండ్‌కు ఇచ్చారో కనిపిస్తుంది. చాలా కంపెనీలు సొంతంగా ఏమీ తయారు చేయవు. చైనాలో ఒకే ఫ్యాక్టరీలో అచ్చు పోసిన పెట్టె మీద ఎవరి స్టిక్కర్ వాళ్లు అంటించుకుని అమ్ముతారు. అది నేరమేమీ కాదు. కానీ స్టిక్కర్ కంపెనీ వచ్చే ఏడాది ఇంకో పేరుతో వస్తే మీ వారంటీ కార్డు ఎవరికి చూపిస్తారు? నంబర్ లేకపోయినా, కొడితే వేరే వస్తువు వచ్చినా, అక్కడే ఆపేయండి.

తర్వాత, కొనకముందే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయండి. ఇది చాలామంది చేయరు, నా దృష్టిలో దీనికి మించిన పరీక్ష లేదు. మూడు విషయాలు అడగండి: మీ పిన్‌కోడ్‌కు వచ్చి తీసుకెళ్తారా, హైదరాబాద్ దాకా మీరే మోసుకెళ్లాలా? వారంటీలో బ్యాటరీ ఉందా? ఛార్జర్, మైకు విడిగా దొరుకుతాయా, ధర ఎంత? పెట్టెకు ఏడాది వారంటీ అని పెద్దగా రాసి, బ్యాటరీకీ మైకుకూ వర్తించదని కింద చిన్నక్షరాల్లో రాసేవాళ్లు ఎక్కువ. ముందుగా పోయేవి ఆ రెండే.

మీది కోలాటం బృందం కాబట్టి ఒక మాట గట్టిగా చెప్తాను. మీకు కావాల్సింది బేస్ కాదు, మాట. పాట చెప్పే గురువు గొంతులో పదం స్పష్టంగా వినపడితేనే చుట్టూ ఆడేవాళ్లు పల్లవి అందుకుంటారు, అడుగు మారుస్తారు. 12 అంగుళాల చౌక పెట్టెలు సినిమా పాటకు దుమ్ము లేపుతాయి, మైకు పెట్టి పాడితే మాత్రం గొంతు బుంగలోంచి వచ్చినట్టుంటుంది. నిజంగా పనిచేసే ట్వీటర్ ఉన్న 8 అంగుళాల పెట్టె మీకు ఇంకా మేలు, మోయడానికీ తేలిక. వైర్‌లెస్ మైకులు చౌక పెట్టెల్లో ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఫిక్స్ అయి ఉంటాయి. కురుమూర్తి జాతర లాంటి చోట పక్క బృందం దగ్గర కూడా అదే కంపెనీ పెట్టె ఉంటే వాళ్ల పాట మీ స్పీకర్‌లో వస్తుంది. కాబట్టి వైరు మైకు పెట్టుకునే పెద్ద జాక్ ఉన్నదే తీసుకోండి, వైరు మైకు ఒకటి విడిగా కొనిపెట్టుకోండి.

పేరున్న వాటి గురించి కూడా క్లుప్తంగా చెప్తాను. సభలు, గుళ్లు, బళ్ల కోసం మైక్‌సెట్లు తయారు చేసే అహూజా 1940 నుంచి ఉన్న ఢిల్లీ కంపెనీ. వాళ్ల వస్తువులకు స్పేర్లు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి, ధర మాత్రం మీ బడ్జెట్ దాటొచ్చు. చెన్నై జీబ్రానిక్స్‌ వాళ్లవి మీ బడ్జెట్‌లో ట్రాలీ మోడళ్లు ఉంటాయి. మన హైదరాబాద్ మివి ఉంది గానీ, వాళ్లవి ఎక్కువగా ఇంట్లో పాటలు వినడానికి పనికొచ్చే స్పీకర్లు, ఇయర్‌బడ్స్. ఏదైనా సరే పైన చెప్పిన ప్రశ్నలే వాళ్లనూ అడగండి, పేరుంది కదా అని మినహాయింపు ఇవ్వొద్దు.

మీరు చూసిన ఆ మోడల్ విషయానికొస్తే, వాట్లకూ బ్యాకప్‌కూ పొంతన లేదు కాబట్టి నాకైతే నమ్మకం కుదరడం లేదు. అయినా బీఐఎస్ నంబర్, వెనక ప్యానెల్ ఫొటో దొరికితే ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. వేరేది కొన్నా సరే, బతుకమ్మ దగ్గర పడేదాకా ఆగకండి. రిటర్న్ గడువు ముగియకముందే పూర్తిగా ఛార్జ్ చేసి, ఛార్జర్ పీకేసి, సాయంత్రం ప్రాక్టీస్‌లో ఫుల్ సౌండ్‌తో మోగించండి. దరువు పడ్డప్పుడల్లా ముందున్న లైట్లు డల్ అవుతుంటే బ్యాటరీ బలహీనమని అర్థం, అదే రోజు వాపస్ పెట్టేయండి. జీఎస్టీ బిల్లు దాచుకోండి. వాళ్లు వాపస్ తీసుకోకుండా తిప్పుతుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయాలంటే ఆ బిల్లే ఆధారం. పండగ అయ్యాక మూలన పడేసే ముందు బ్యాటరీ నింపి పెట్టండి, రెండు మూడు నెలలకోసారి మళ్లీ ఛార్జ్ పెట్టండి. ఖాళీగా వదిలేస్తే లెడ్ యాసిడ్ బ్యాటరీ లోపల గడ్డకట్టినట్టై మళ్లీ ఛార్జ్ పట్టదు, మన ఎండాకాలంలో రేకుల గదిలో ఉంచితే ఇంకా తొందరగా పోతుంది.