స్కాన్ బొమ్మ మసకగా ఉందని సూది పరీక్ష ఆపకండి

ప్రశ్న: నా వయసు 46. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఎడమ రొమ్ములో నాలుగు నెలలుగా గడ్డ ఉంది, నొప్పి లేదు. స్కాన్‌లో 18 మిల్లీమీటర్లు, అంచులు సరిగా లేవు, బైరాడ్స్ 4బి అని రాసి సూది పరీక్ష చేయించమన్నారు. బొమ్మేమో అంతా చుక్కచుక్కలుగా ఉంది. రాజమండ్రిలో కంప్యూటర్‌తో బొమ్మను శుభ్రం చేసే కొత్త మెషిన్ ఉందట. దాళ్వా కోతలయ్యాక అక్కడ తీయించుకుంటే సూది తప్పుతుందా? ప్రస్తుతం పసరు కట్టు వేస్తున్నాను.

జవాబు: తప్పదమ్మా. ముందు ఆ పసరు కట్టు తీసేయండి. చర్మం పొక్కిపోతే, ఆ ఎరుపు పసరుదో గడ్డదో రేపు చూసే సర్జన్‌కి అర్థం కాదు. నాలుగు నెలలు ఇప్పటికే పోయాయి, ఇంకా కోతలంటారేమిటి? ఈ వారంలోనే వెళ్లండి.

బైరాడ్స్ అంటే స్కాన్ చూసి గడ్డ మీద అనుమానం ఎంతో చెప్పే అంకె. అందులో 4బి అంటే క్యాన్సర్ అని కాదు. ఇలాంటి గడ్డలు వంద ఉంటే వాటిలో పది నుంచి యాభై దాకా క్యాన్సర్‌గా తేలవచ్చు, అందుకే ముక్క తీసి చూడమంటాం. 3 అని రాసి ఉంటే ఆరు నెలల తర్వాత మళ్లీ స్కాన్ చేద్దామనేవాళ్లం, మీది అది కాదు.

ఇక బొమ్మ సంగతి. మీరు చూసింది కాగితం మీద ప్రింటు, డాక్టర్ చూసింది తెరమీద కదిలే బొమ్మ, రెండింటికీ చాలా తేడా. ఆ చుక్కలు మెషిన్ పాడై వచ్చినవి కావు, లోపలి సన్నని కణజాలం నుంచి తిరిగొచ్చే ధ్వని తరంగాలు ఒకదానితో ఒకటి కలిసిపోతే అలా కనిపిస్తుంది, స్పెకిల్ అంటాం. కొత్త మెషిన్లు నాలుగైదు కోణాల్లోంచి తీసి కలిపి, ఫిల్టర్లు వేసి దాన్ని తగ్గిస్తాయి, అంచులు తేటగా కనిపిస్తాయి, మంచిదే, నేనూ వాడతాను. కానీ మరీ నునుపు చేస్తే గడ్డ అంచున ముళ్లలా పొడుచుకొచ్చే సన్నగీతలు చెరిగిపోవచ్చు. గడ్డ వెనక పడే నల్లని నీడ మాకు పెద్ద ఆధారం, అదీ పలచబడవచ్చు. కంప్యూటర్ కూడా బొమ్మనే చదువుతుంది, కణాల్ని చూడదు. ఎర్రనీళ్లలో పటిక తిప్పితే బిందె అడుగున రాయి కనిపిస్తుంది, అది ఏ రాయో తెలియాలంటే చెయ్యి పెట్టి తీయాలి కదా.

సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు, ఆ భయంతో పరీక్ష మానుకోవద్దు. గడ్డ దగ్గర మత్తు ఇచ్చి, స్కాన్‌లో చూస్తూ సన్నముక్కలు తీస్తారు, అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపొద్దు. రెండు రొమ్ములకూ మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), చంకలో స్కాన్ కావాలో లేదో మిమ్మల్ని చేత్తో పరీక్షించిన డాక్టరే చెప్పాలి, నేను ఇక్కడ కూర్చుని అంతకు మించి చెప్పలేను.

బయాప్సీ, అంటే ఈ సూది పరీక్ష, రిపోర్టు వచ్చాక పాత స్కాన్ కాగితాలు కూడా పట్టుకెళ్లండి. రెండింటికీ పొంతన కుదరకపోతే మళ్లీ ముక్క తీయాలంటారు, అప్పుడు విసుక్కోవద్దు.