టైల్స్ అంచు కోసం ఎఫ్‌డీ తీయాలా?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో మాకు సొంత ఫ్లాట్ ఉంది. వంటగదిలో స్టవ్ వెనక గోడకి డాడో టైల్స్ వేయించాం. పైనా, రెండు పక్కలా అంచులు మాత్రం అలాగే వదిలేశారు. అంతా పగలగొట్టి ప్రొఫైల్ (టైల్ అంచుని కప్పే సన్నటి పట్టీ) పెట్టి మళ్లీ వేస్తే 48,000 అవుతుందని టైల్స్ వేసిన కాంట్రాక్టరే అంటున్నాడు. ఇంకో మేస్త్రీ గ్రానైట్ పట్టీ అతికిస్తే 6,500 చాలన్నాడు, కానీ అది నిలుస్తుందా అని భయం. మాకున్న పొదుపు 3 లక్షల ఎఫ్‌డీ ఒక్కటే. అందులోంచి తీయమంటారా, కార్డు మీద ఈఎంఐ పెట్టుకోమంటారా?

జవాబు: రెండూ వద్దమ్మా. కాంట్రాక్టర్ చెప్పిన దాంట్లో ఒక మాట నిజమే. ప్రొఫైల్‌కి ఉండే పల్చటి రేకు టైల్ కిందికి వెళ్లాలి, కాబట్టి టైల్స్ వేస్తున్నప్పుడే పెట్టాలి. అది ఆయన మర్చిపోయిన పని. అందుకు గోడంతా మీ ఖర్చుతో పగలగొట్టడం న్యాయం కాదు.

ముందు టేపు పట్టి కొలవండి. పైన 11 అడుగులు, పక్కన రెండేసి అడుగులు ఉందనుకుందాం, మొత్తం 15 అడుగులు. 6,500 అంటే అడుగుకి 430 పైచిలుకు. మీరు కొనాల్సింది ఈ 15 అడుగులే.

48,000కి 15 శాతం వడ్డీతో 24 నెలల ఈఎంఐ పెట్టుకుంటే నెలకి సుమారు 2,330 కట్టాలి. వడ్డీ 7,850 దాకా అవుతుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ అదనం. అంటే ఒక్క వడ్డీ డబ్బుతోనే పట్టీ పని అయిపోయి ఇంకా మిగులుతుంది! ఇక ఎఫ్‌డీ సంగతి. ముందే తీస్తే చాలా బ్యాంకులు వడ్డీలో కోత పెడతాయి. అంతకన్నా ముఖ్యం, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఆదుకునేది ఆ డబ్బే. దాన్ని గోడకి పెట్టకండి.

గ్రానైట్ పట్టీ తాత్కాలికం కాదు. వంటగట్టు రాయి రంగుదే తీసుకుని, బయటి అంచు గుండ్రంగా పాలిష్ చేయించి, గోడ మీద రంగు, దుమ్ము గీకేశాక అతికిస్తే ఏళ్ల తరబడి ఉంటుంది. ప్లాస్టిక్ బీడింగ్ చవకే కానీ స్టవ్ సెగకి వంకర పోతుంది, వద్దు.

ఇంతకన్నా తొందరపడాల్సిన పని ఒకటుంది. వంటగట్టుకీ టైల్స్‌కీ మధ్య సందు చూడండి. అక్కడ సిలికాన్ (సందుని మూసే రబ్బరు లాంటి జిగురు) లేకపోతే గట్టు కడిగినప్పుడల్లా నీళ్లు లోపలికి దిగుతాయి. ఒక ట్యూబు కొన్ని వందల్లో వస్తుంది, అది ఈ నెలే వేయించండి. పట్టీకి ఈ నెలా, వచ్చే నెలా జీతంలోంచి 3,250 చొప్పున పక్కన పెడితే సరిపోతుంది.

మేస్త్రీకి ముందు రాయి డబ్బు మాత్రమే ఇవ్వండి. పని అయ్యాక పాత నూలు గుడ్డతో అంచంతా తుడిచి చూడండి. ఎక్కడైనా పోగు చిక్కుకుంటే అక్కడ మళ్లీ పాలిష్ పట్టించి, ఆ తర్వాతే మిగతాది చేతికివ్వండి.