మామయ్య రేపే వెళ్దామంటున్నారు, పిల్లలతో వెళ్లొచ్చా?

ప్రశ్న: మాది కూనవరం దగ్గర, శబరి ఒడ్డున. వరదొస్తోందని ట్రాక్టర్ ఎక్కి బయటపడ్డాం. పది రోజులుగా కొత్తగూడెంలో మా ఆడపడుచు ఇంట్లోనే ఆరుగురం, ఇల్లేమో రెండు గదులు. వదిన ఏమీ అనదు గానీ గ్యాస్ బండ ముందే అయిపోయిందని పక్కింటావిడతో అంటుంటే విన్నాను. భద్రాచలంలో మొదటి హెచ్చరిక కూడా ఎత్తేశారని ఫోన్లో చూసిన దగ్గర్నుంచి మామయ్యగారు ‘86 వరదకే భయపడలేదు, రేపు పొద్దున్నే వెళ్దాం’ అని ఒకటే గోల. పిల్లలతో వెళ్లొచ్చా?

జవాబు: పిల్లలతో అప్పుడే వద్దమ్మా. 86లో భద్రాచలం దగ్గర 75.6 అడుగులొచ్చింది, నిజమే, కానీ అప్పుడు మామయ్యగారి వయసెంతో కూడా అడగండి. ఆయన ఫోన్లో చూసిన మొదటి హెచ్చరిక, అంటే 43 అడుగుల లెక్క, భద్రాచలానిది, మీ వీధిది కాదు. గోదావరి నిండుగా ఉన్నంతసేపూ శబరి నీళ్లు అందులో కలవలేక వెనక్కి ఎగదన్నుతాయి. అందుకే ఊళ్లో ఉన్నవాళ్లకు ఫోన్ చేసి మీ బజారులో నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో, దారిలో వాగులు దిగాయో లేదో కనుక్కోండి.

అయితే ఒక విషయంలో ఆయన తొందర సబబే. ఒండ్రు మెత్తగా ఉన్నప్పుడు, నీళ్లు ఇంకా గుమ్మానికి దగ్గర్లో ఉన్నప్పుడే బకెట్లతో పోసి చీపురుతో బయటికి తోసేస్తే ఇల్లు వదులుతుంది, ఆరనిచ్చారా ఇక గడ్డపార పట్టాల్సిందే. కాబట్టి దారి తెరిచారని తెలియగానే మీవారూ, మామయ్యగారూ పొద్దున వెళ్లి చీకటి పడకముందు వచ్చేయాలి, రాత్రి అక్కడ పడుకోకూడదు. మట్టి గోడలైతే ముందు బయటినుంచి చుట్టూ చూసుకోవాలి, ఎందుకంటే నానిన గోడ నీళ్లుండగా నిలబడి నీళ్లు తీశాక కూలుతుంది. పాములు డబ్బాల వెనకా, అటక మీదా, తడిసిన పరుపుల మడతల్లోనూ చేరతాయి, కర్రతో తట్టకుండా దేన్నీ ముట్టుకోవద్దు. మెయిన్ స్విచ్ ఎలక్ట్రీషియన్ చూసేదాకా వేయొద్దు. బావి మునిగుంటే నీళ్లు తోడించి బ్లీచింగ్ వేయించాలి, ఆ తర్వాత కూడా కొన్నాళ్లు కాచిన నీళ్లే తాగాలి.

చాలామంది మర్చిపోయేదొకటుంది: కడగకముందే గోడ మీద నీటి చార కనపడేలా, తడిసిన ధాన్యం బస్తాలూ మంచాలూ కనపడేలా ఫోన్లో ఫొటోలు తీయమనండి. మీరు పునరావాస కేంద్రంలో కాకుండా చుట్టాలింట్లో ఉన్నారు కదా, వరద బాధితుల జాబితాలో పేరు పడిందో లేదో సచివాలయంలో అడగాలి. నష్టం రాసుకోవడానికి వచ్చే రోజున మాత్రం ఇంట్లో ఎవరో ఒకరు ఆధార్, రేషన్ కార్డుతో ఉండాలి.

ఇక బండ సంగతి. వదిన చేతికి డబ్బులిస్తే తీసుకోదు, మీరే బుక్ చేయించి, అది వచ్చిన రోజు గుమ్మంలోనే డబ్బు కట్టేయండి. ఇంకో వారమైనా పడుతుందని కూడా మీరే చెప్పండి, పక్కింటావిడ చెప్పకముందే.