ముక్కూమొహం తెలియని మనిషి దగ్గర ప్యారాచూట్ కొంటున్నారా? డబ్బు ఎప్పుడు, ఎలా కట్టాలి

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. వయసు 29. హైదరాబాద్ కంపెనీలో ఉద్యోగం, ఎక్కువగా ఇంటి నుంచే పని. నాన్నగారికి రొయ్యల చెరువులున్నాయి. కిందటేడాది థాయ్‌లాండ్ వెళ్లి స్కైడైవింగ్ నేర్చుకుని ‘ఏ’ లైసెన్స్ (ఒంటరిగా దూకడానికి ఇచ్చే మొదటి స్థాయిది) తెచ్చుకున్నాను. ఇప్పుడు సొంత రిగ్, అంటే ప్యారాచూట్ సెట్టు, కొనాలని ఉంది. ఆన్‌లైన్‌లో బెంగళూరాయన ఒకరు సెకండ్ హ్యాండ్ రిగ్ రూ.3.20 లక్షలకు ఇస్తానంటున్నారు. సగం అడ్వాన్స్ పంపితే కొరియర్ చేస్తారట, ఇంకో ముగ్గురు అడుగుతున్నారట. స్పెయిన్‌లో ఇంకొకాయన ఇంకాస్త తక్కువకే ఇస్తానని, డబ్బు పేపాల్‌లో ‘ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ’ కింద పంపమంటున్నాడు. నాన్నగారు వద్దంటున్నారు. ఎవరికి, ఎలా కడితే సేఫ్?

జవాబు: ముందు మీ నాన్నగారి సంగతి. ఆయన వద్దంటున్నది దూకడాన్నా, కొనడాన్నా, ముందే డబ్బు పంపడాన్నా అన్నది మీ ఉత్తరంలో లేదు. మొదటిదైతే అది మీ ఇంటి వ్యవహారం, నేను తలదూర్చను. మూడోదైతే ఆయన మాటే నా మాట.

పట్టుబడి రోజు చెరువు గట్టు మీద ఏం జరుగుతుందో మీరు చిన్నప్పటి నుంచి చూసే ఉంటారు. కొనేవాడు ఫోటో చూసి రేటు కట్టడు. వల లాగించి, నీళ్లు కారనిచ్చి, కాటా మీద కిలో తూచి, అందులో ఎన్ని రొయ్యలున్నాయో ఒక్కొక్కటీ లెక్కపెట్టిస్తాడు. నలభై కౌంటా, యాభై కౌంటా తేలాకే రేటు మాట. మీ బేరంలో ఆ కౌంట్ చూడాల్సింది రిగ్గర్, అంటే ప్యారాచూట్లు తనిఖీ చేసి ప్యాక్ చేసే నిపుణుడు. ఆయన చూడకముందే సగం డబ్బు అడుగుతున్నారు బెంగళూరాయన.

ఫోన్‌పేనా, బ్యాంకు ట్రాన్స్‌ఫరా, పేపాలా అన్నది రెండో విషయం. డబ్బు మీ చేయి దాటే సమయానికీ, వస్తువు మంచిదని తేలే సమయానికీ మధ్య ఎంత ఎడం ఉందన్నది మొదటిది. ఆ ఎడం గంటల్లో ఉంటే పర్వాలేదు. వారాల్లో ఉంటే ఏ యాప్ వాడినా మీరు అవతలివాడి మంచితనం మీద ఆధారపడినట్టే.

కారు కొంటే మెకానిక్‌ను వెంటబెట్టుకెళ్లి ఒక రౌండ్ నడిపి చూస్తారు. రిగ్‌తో ఆ వీలు లేదు. అది నాలుగు వేర్వేరు వస్తువుల కట్ట: వీపున తగిలించుకునే కంటైనర్, మెయిన్ ప్యారాచూట్, రిజర్వ్ ప్యారాచూట్, మీరు తెరవలేకపోతే తనంతట తాను రిజర్వ్‌ను తెరిచే ఏఏడీ పరికరం. నాలుగింటికీ వేర్వేరు సీరియల్ నంబర్లు, వేర్వేరు తయారీ తేదీలు, వేర్వేరు ధరలు. ప్రాణం కాపాడాల్సిన రిజర్వ్ మడతపెట్టి, సీలు వేసి లోపల ఉంటుంది. అమ్మేవాడు నిజాయితీపరుడే అయినా అది ఎలా ఉందో ఆయనకూ కనబడదు. రిగ్గర్ సీలు తెంచి, విప్పి, చూసి, మళ్లీ ప్యాక్ చేస్తేనే తెలుస్తుంది. అంటే ఇద్దరు మంచివాళ్ల మధ్య కూడా ఈ బేరం చెడిపోవచ్చు. అందుకే వాపసు షరతు లేకుండా ఒక్క రూపాయి కూడా కదలకూడదంటాను.

ఇక్కడ ఏఏడీ దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే రేటులో మోసమంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఇది ఎక్స్‌పైరీ ఉన్న వస్తువు. సైప్రెస్ బ్రాండ్ కొత్త యూనిట్లకు తయారీ తేదీ నుంచి 15న్నరేళ్లు, విజిల్ బ్రాండ్‌వైతే 20 ఏళ్లు ఆయుష్షు చెబుతారు. కొత్తది కొనాలంటే లక్ష దాటుతుంది. పదమూడేళ్ల సైప్రెస్ ఉన్న రిగ్‌నూ, మూడేళ్ల సైప్రెస్ ఉన్న రిగ్‌నూ ఫోటోలో పక్కపక్కన పెడితే మీకూ నాకూ తేడా తెలియదు. డబ్బులో మాత్రం తేడా చాలా ఉంటుంది. కాబట్టి ‘మొత్తం సెట్ 3.20’ అనే మాట ఒప్పుకోకండి. నాలుగింటికీ విడివిడిగా ధర, తయారీ నెల, సంవత్సరం రాసిమ్మనండి. అప్పుడు ఏదైనా ఒకటి పనికిరాదని తేలితే ఎంత తగ్గించాలో గొడవ ఉండదు.

ఇక బెంగళూరాయన. ముందు వీడియో కాల్ అడగండి. రికార్డు చేసిన వీడియో వద్దు. కాల్‌లో ఉండగానే ఒక తెల్లకాగితం మీద మీ పేరు, ఆ రోజు తేదీ రాయించండి. ఆ కాగితాన్ని ఒక్కో సీరియల్ నంబరు లేబుల్ పక్కన పెట్టి చూపించమనండి. తర్వాత ఏఏడీ ఆన్ చేయమనండి. చివరగా రిజర్వ్‌తో పాటు ఉండే ప్యాకింగ్ కార్డు కెమెరా ముందు పెట్టమనండి. దాని మీద ఎప్పుడెప్పుడు ప్యాక్ చేశారో తేదీలు, చేసిన రిగ్గర్ సంతకం ఉంటాయి. రిగ్ నిజంగా చేతిలో ఉన్నవాడికి ఇది పావుగంట పని. లేనివాడికి నెట్‌వర్క్ ఉండదు, కెమెరా పాడవుతుంది, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగుండదు. సీరియల్ నంబర్లు రాసుకుని తయారీ కంపెనీలకు ఈమెయిల్ పెట్టండి. ఆ బ్యాచ్ మీద సర్వీస్ బులెటిన్ (లోపం గురించి కంపెనీ ఇచ్చే హెచ్చరిక) ఏదైనా ఉందా, ఈ నంబరు దొంగతనం ఫిర్యాదులో ఉందా అని అడగడానికి ఖర్చేమీ లేదు.

‘ఇంకో ముగ్గురు అడుగుతున్నారు’ అన్న మాట గురించి: నిజంగానే ముగ్గురుంటే వాళ్లకే ఇచ్చెయ్యమనండి. మన దేశంలో సొంత రిగ్‌తో సరదాకి దూకేవాళ్లు ఎంతమంది? ఆధార్ ఫోటో, ఆర్మీ కార్డు ఫోటో పంపి నమ్మించేవాళ్ల సంగతి పాత సామాను కొన్నవాళ్లందరికీ తెలిసిందే. ప్యారాచూట్ విషయంలో ‘నేను పారా రెజిమెంట్’ అంటే ఇంకా త్వరగా నమ్మబుద్ధేస్తుంది. నమ్మకండి. ఒకవేళ నిజంగానే మిలిటరీ సామాను అమ్ముతున్నాడంటే అప్పుడు అసలే ముట్టుకోకండి.

డబ్బు విషయానికొద్దాం. ముందు ఒక్క రూపాయి పంపి చూడండి. యూపీఐలో ఇప్పుడు బ్యాంకు రికార్డులో ఉన్న అసలు పేరే కనబడుతుంది. నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లలో కూడా పంపే ముందే ఖాతాదారు పేరు చూసుకునే ఏర్పాటు 2025 ఏప్రిల్ నుంచి వచ్చింది. వీడియోలో కనిపించిన మనిషి, గుర్తింపు కార్డు, ఖాతా, మూడింటిలోనూ ఒకటే పేరు ఉండాలి. ‘నా అకౌంట్ లిమిట్ అయిపోయింది, మా బావమరిదికి వెయ్యండి’ అన్నాడా, బేరం అక్కడితో సరి. పేరు కలిసినంత మాత్రాన మంచివాడని కాదు, అద్దెకిచ్చిన ఖాతాలు బోలెడున్నాయి. పేరు కలవకపోతే మాత్రం ఇక ఆలోచించే పనే లేదు.

బయానాగా ఐదు వేలు, మహా అయితే పది వేలు ఇవ్వండి. పోయినా మీకు నిద్ర పట్టేంత మొత్తం అన్నమాట. ఇచ్చే ముందు వాట్సాప్‌లోనైనా సరే షరతు రాసుకోండి: ఏ రిగ్గర్ చూస్తారు, ఆయన ఫీజు ఎవరిది, వద్దంటే బయానా ఎన్ని రోజుల్లో వాపసు, తిరిగి పంపే కొరియర్ ఖర్చు ఎవరిది. తనిఖీ ఫీజు మీరే పెట్టుకోవడం న్యాయం. అవతలాయన ‘సరే, ఒప్పుకుంటున్నా’ అని జవాబు పెట్టాకే బయానా.

మిగతాది రిగ్గర్ దగ్గర, ఎదురెదురుగా. హర్యానాలోని నార్నౌల్ లాంటి చోట, స్కైడైవింగ్ సీజన్లో ఇద్దరూ ఎలాగూ వెళ్తారు కదా, అక్కడే కలవండి. రిగ్గర్ బాగుందన్నాక అక్కడే ఫోన్లోంచి ఐఎంపీఎస్ చేయండి. దాని పరిమితి రూ.5 లక్షలు కాబట్టి ఒక్కసారే వెళ్తుంది. మామూలు యూపీఐకి రోజుకు లక్షే. అయితే మీ బ్యాంకు యాప్‌లో కొత్త పేరు చేర్చాక మొదటిరోజు పెద్ద మొత్తం పోనివ్వకపోవచ్చు, ఖాతా వివరాలు రెండ్రోజుల ముందే చేర్చి పెట్టుకోండి. ఆయన కూడా మీ స్క్రీన్‌షాట్ నమ్మకుండా తన ఖాతాలో పడింది చూసుకునే రిగ్ వదులుతాడు, దానికి చిన్నబుచ్చుకోకండి. ఆయనకు మీరూ ముక్కూమొహం తెలియని మనిషే.

నగదు ఇస్తే తగ్గిస్తానంటే వద్దనండి. ఒక బేరంలో రూ.2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. జరిమానా తీసుకున్నవాడి మీద, తీసుకున్నంతా పడుతుంది. మీకు ఇంకో నష్టం, డబ్బు ఇచ్చినట్టు రుజువే మిగలదు.

కలవడం కుదరకపోతే రిగ్‌ను నేరుగా రిగ్గర్‌కే పంపమనండి. ఆ రిగ్గర్‌ను మీరే ఎంచుకోవాలి, ఆయన ఫోన్ నంబరు అమ్మేవాడి దగ్గర తీసుకోకూడదు. రిగ్గర్‌కు వస్తువు చేరిందని ఆయన నోటితో విన్నాక సగం, బాగుందన్నాక మిగతా సగం. అమ్మేవాడు ‘ఎస్క్రో వెబ్‌సైట్’ లింకు పంపితే మాత్రం నొక్కకండి. ఎస్క్రో, అంటే వస్తువు చేరేదాకా డబ్బు మధ్యవర్తి దగ్గర ఉంచడం, మంచి పద్ధతే, కానీ అమ్మేవాడు పంపిన లింకులో ఉండేది చాలాసార్లు వాడి సొంత సైటే. ఇంకో మాట, ఏఏడీ కట్టర్‌లో చిన్న పేలుడు మందు ఉంటుంది, పరికరంలో బ్యాటరీ ఉంటుంది. కొరియర్ కంపెనీ తీసుకుంటుందో లేదో ముందే అడగమనండి. దారిలో ఆగిపోయిన పార్సిల్ మీద ఎవరి డబ్బు ఎవరిదన్న తగవు చాలా విసుగు.

స్పెయిన్ బేరం గురించి ఎక్కువ చెప్పను. ‘ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ’ కింద పంపిన డబ్బుకు పేపాల్ కొనుగోలు రక్షణ ఇవ్వదు, అందుకే అడుగుతున్నాడు. ‘గూడ్స్ అండ్ సర్వీసెస్’ కింద కడితే వస్తువు రాకపోయినా, చెప్పినట్టు లేకపోయినా 180 రోజుల్లోగా ఫిర్యాదు పెట్టవచ్చు. దానికి అమ్మేవాడి మీద పడే ఫీజు మీరే భరిస్తానని చెప్పి చూడండి. అప్పటికీ వద్దంటే మీకు జవాబు దొరికినట్టే. కస్టమ్స్ సుంకం కూడా ఉంటుంది, ఎంత పడుతుందో కొరియర్ కంపెనీతో ముందే లెక్క వేయించుకుంటే ఆ ‘ఇంకాస్త తక్కువ’ ఎగిరిపోవచ్చు. అన్నట్టు, మన దేశంలో ఒకరి నుంచి ఒకరికి పేపాల్ చెల్లింపులు 2021 ఏప్రిల్ 1 నుంచే ఆగిపోయాయి. బెంగళూరాయన కూడా పేపాల్ లింకు పంపాడంటే ఆయన బెంగళూరులో ఉన్నాడన్నదే అనుమానం.

మీరు అడగకపోయినా ఒక లెక్క వేస్తాను. ‘ఏ’ లైసెన్స్‌కు కనీసం 25 జంపులు చాలు, మీరూ ఇంచుమించు అక్కడే ఉండి ఉంటారు. గోదావరి జిల్లాల్లో డ్రాప్‌జోన్, అంటే స్కైడైవింగ్ చేయించే చోటు, లేదు. సెలవులు చూసుకుని వెళ్లి ఏడాదికి ఇరవై జంపులు చేస్తారనుకుందాం, అద్దె రిగ్‌కు జంపుకు రెండు వేలు అనుకుందాం. ఏడాదికి నలభై వేలు. 3.20 లక్షలు తిరిగి రావడానికి ఎనిమిదేళ్లు. అందులోనే ఏఏడీ ఆయుష్షు తరుగుతుంది, పైగా రిజర్వ్ రీప్యాకింగ్ ఖర్చు వేరు. అమెరికా నిబంధనల్లో అది ప్రతి 180 రోజులకు తప్పనిసరి, మీరు దూకే చోట ఏ నియమం ఉందో కనుక్కోండి. మిగతా ఏడాదంతా ఆ నైలాన్ గుడ్డ పాలకొల్లు ఉక్కలో బీరువాలో ఉంటుంది. నా ఉద్దేశంలో మొదటి ఏడాది అద్దెకే దూకండి. శరీర బరువుకు ఏ సైజు ప్యారాచూట్ నప్పుతుందో కూడా అప్పటికి మీకూ మీ ఇన్‌స్ట్రక్టర్‌కూ తేలుతుంది. మనసు ఆగదంటే కొనండి, సరదాకి లెక్క కట్టకూడదనే వాళ్లలో నేనూ ఉన్నాను. కానీ పర్సనల్ లోన్ తీసుకుని మాత్రం కాదు, చెరువుకు మేత కొనాల్సిన డబ్బు అంతకంటే కాదు.

మీ పాలసీలు కూడా ఒకసారి తీయండి. ఆరోగ్య బీమాల్లో ఉండే ప్రామాణిక మినహాయింపుల్లో స్కైడైవింగ్ పేరు ఉంటుంది, వృత్తిగా చేసేవాళ్లకు అని. వ్యక్తిగత ప్రమాద పాలసీల్లో చాలావాటిలో సరదాకి దూకేవాళ్లకు ఆ సడలింపు కూడా ఉండదు. టర్మ్ పాలసీ ఇంకా తీసుకోకపోతే, దరఖాస్తులో సాహస క్రీడల ప్రశ్న దగ్గర ‘లేదు’ అని రాయకండి. క్లెయిమ్ రోజున సమాధానం చెప్పుకోవాల్సింది మీ నాన్నగారు.

డబ్బు పోయిందని తెలిస్తే మొహమాటం వద్దు, నిమిషాల మీద సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, యూటీఆర్ (చెల్లింపు గుర్తింపు) నంబరు దగ్గర పెట్టుకోండి. ఖాతాలో డబ్బు ఇంకా ఉంటే ఆపగలుగుతారు. మీకు తెలియకుండా ఖాతాలోంచి పోయిన డబ్బుకు ఆర్‌బీఐ నిబంధనలు రక్షణ ఇస్తాయి, వెంటనే బ్యాంకుకు చెబితే. మీరే పిన్ కొట్టి పంపినదానికి ఆ రక్షణ దొరుకుతుందని లెక్క పెట్టుకోకండి. తర్వాత ‘మీ డబ్బు ఇప్పిస్తాం, ఫీజు కట్టండి’ అంటూ ఫోన్ చేసేవాడు రెండో దొంగ.

ఇప్పటికి బెంగళూరాయనకు ఈ మెసేజ్ పెట్టండి: ‘సార్, రిగ్ నచ్చింది. నాలుగింటి సీరియల్ నంబర్లు, తయారీ తేదీలు, విడివిడి ధరలు పంపండి. ఈ వారంలో మీకు వీలైన రోజు వీడియో కాల్ చేద్దాం. రిగ్గర్ తనిఖీ ఖర్చు నాదే. ఆయన ఓకే అన్న గంటలో మొత్తం డబ్బు మీ ఖాతాలో వేస్తాను.’ దీనికి ఒప్పుకుంటే ధర మీద ఇంకో పదివేలు తగ్గించమని అడగండి, ఏఏడీ వయసు చూపించి.